ఫొటో చూసి సికాడా పేరు చెప్పలేం: కొన్ని అపోహలు, వాస్తవాలు

2025లో కేరళ పరిశోధకులు పురానా చీవీడా అనే కొత్త జాతి సికాడాను (చెట్ల మీద బిగ్గరగా అరిచే పురుగు) ప్రకటించినప్పటి నుంచి నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తున్నాయి. "మేడమ్, ఇది పాత టైగ్రినానా, కొత్త చీవీడానా?" కింద ఒక ఫొటో. అందులో వీపు, రెక్కలు తప్ప ఇంకేమీ కనబడవు. వాటిని బట్టి నేను చెప్పలేను. ఎవరైనా చెప్పేస్తున్నారంటే ఊహించి చెబుతున్నట్టే.

అపోహ: రంగు, సైజు చూస్తే జాతి తెలిసిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఇదే. పురానా టైగ్రినా 1850లో వర్ణించిన మలేసియా జాతి. మన దక్షిణాదిలో దొరికేదీ పైకి అలాగే ఉంటుంది కాబట్టి దానికీ ఆ పేరే పెట్టేశారు. వందేళ్లకు పైగా ఒక జాబితాలోంచి ఇంకో జాబితాలోకి అదే పేరు ఎక్కుతూ వచ్చింది. శరీర నిర్మాణాన్ని పోల్చి చూశాకే ఇది వేరే జాతి అని తేలింది. అప్పుడు గానీ టైగ్రినాను దక్షిణ భారత జాబితా నుంచి తీసేయలేదు.

రంగును నమ్ముకుంటే ఇలాగే అవుతుంది. కుబుసం విడిచిన కొత్తలో సికాడా పాలిపోయి ఉంటుంది. బతికున్నప్పుడు పచ్చగా ఉన్నది, నమూనాగా పిన్నుకు గుచ్చి కొన్నాళ్లుంచితే ఎండుగడ్డి రంగుకు దిగిపోతుంది. అందుకే నేను మగ పురుగును తిరగేసి చూస్తాను. ఒపెర్క్యులమ్‌లు (పొట్ట అడుగున మూతల్లాంటి పలకలు) పొట్ట మీదికి ఎంతవరకు దిగాయి, అంచు ఎలా తిరిగింది, మూడు, నాలుగు ఖండాల అడుగున బొడిపెలు ఎలా ఉన్నాయి అన్నవి ముందు. తర్వాత ఎండిన నమూనాను తేమలో మెత్తబరచి, పొట్ట చివర కత్తిరించి, పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెడతాను. కండ కరిగిపోయి గోధుమరంగు గట్టి భాగాలు మిగులుతాయి. వాటిని గ్లిజరిన్‌లో వేసి, మైక్రోస్కోపు కింద పక్కకు తిప్పి అంకస్ (మగ జననాంగంలో ఒక భాగం) వంపు చూస్తే అప్పుడు తేడా తెలుస్తుంది.

ఒక పీహెచ్‌డీ అమ్మాయి సీజనంతా అడవిలో తిరిగి ఫొటోలూ, ఆడ పురుగులూ మాత్రమే తెచ్చింది. ఆడవాటికి టింబల్స్ (అరుపు పుట్టించే పొరలు) ఉండవు, ఒపెర్క్యులమ్‌లు చిన్నవి, ఇక జాతి తేల్చేదెలా? ఆమె మొహం చూస్తే ప్రాణం ఉసూరుమంది. మగవి కావాలని ముందే చెప్పాల్సిన వాళ్లు చెప్పలేదు, అందులో ఆమె తప్పేమీ లేదు.

అపోహ: పేరు మారితే పాత రికార్డులు, థీసిస్ అన్నీ వృథా.

ఈ టెన్షన్‌తో ఫోన్ చేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది. నమూనా భద్రంగా ఉండి, ఎక్కడ, ఎప్పుడు పట్టారో లేబుల్ ఉంటే ఏదీ వృథా కాదు. మళ్లీ చూసి పేరు సరిచేస్తాం, అంతే. శాస్త్రీయ నామంలో టైగ్రినా పక్కన, దాన్ని వర్ణించిన వాకర్ పేరు బ్రాకెట్లో ఎందుకుంటుందనుకున్నారు? ఆయన 1850లో దాన్ని వేరే ప్రజాతిలో పెట్టాడు. పురానా అనే ప్రజాతిని డిస్టంట్ అనే కీటక శాస్త్రవేత్త ఏర్పరచింది 1905లో. ప్రజాతి మారినా వాకర్ పేరు పోలేదు. కానీ కొత్త పేరు రాగానే పాత లేబుళ్లు పీకి పారేసిన పెట్టె ఒకటి చూశాను. కోపం ఆపుకోలేకపోయాను. పాతదాన్ని ఉంచి, కొత్త లేబుల్ దాని కింద గుచ్చండి!

మిగతావి క్లుప్తంగా.

డీఎన్ఏ ఉండగా ఇదంతా ఎందుకంటారు. డీఎన్ఏ కావాలి, కాదనను. కానీ చాలా పాత ఎండు నమూనాల్లో అది ముక్కలైపోయి ఉంటుంది, పోల్చడానికి శరీరం మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. కొత్త జాతి అంటే ఎక్కడి నుంచో కొత్తగా వచ్చింది కాదు. సికాడాలు మిడతల దండూ కాదు, వాటికి ఆకులు నమిలే నోరే లేదు, చెట్టు రసం పీలుస్తాయి. సికాడాలన్నీ 17 ఏళ్లకోసారి రావు, అలా బయటికొచ్చేవి అమెరికా మ్యాజిసికాడాలు. మేఘాలయలోని క్రెమిస్టికా రిభోయ్ నాలుగేళ్లకోసారి వస్తుంది.

ఈసారి ఫొటో పంపేటప్పుడు పక్క నుంచి ఒకటి, పొట్ట అడుగు నుంచి ఒకటి తీయండి. అరుపు ఫోన్లో రికార్డు చేయండి. తేదీ, ఊరు, ఏ చెట్టు మీద ఉందో రాయండి.