మాయ కిందికి ఉందన్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

కాన్పయ్యాక మాయ బయటికి రాగానే ట్రేలో పరిచి తిప్పి తిప్పి చూస్తాం. తల్లి గర్భసంచికి అంటుకున్న వైపు ముదురు ఎరుపులో, 15 - 20 ముద్దలుగా ఉంటుంది. బిడ్డ వైపు నున్నగా మెరుస్తూ, బొడ్డుతాడు దగ్గర్నుంచి రక్తనాళాలు చెట్టుకొమ్మల్లా పాకి కనిపిస్తాయి. ఒక్క ముద్ద తగ్గినా అది లోపల ఉండిపోయిందేమోనని అనుమానించాలి. అలా ఉండిపోతే తల్లికి రక్తస్రావం ఆగదు. అర కిలో బరువుండే ఈ మాయే ఇన్ని నెలలూ బిడ్డకు ఊపిరితిత్తులు, కిడ్నీలు, పేగుల పని చేసిపెట్టింది.

అపోహ: ఐదో నెల స్కానింగ్‌లో మాయ కిందికి ఉందంటే ఇక మంచం దిగకూడదు.

ఓపీలో నేను ఎక్కువగా చూసే భయం ఇదే. రిపోర్టులో 'లో లైయింగ్ ప్లాసెంటా' అన్న మాట చూసి అత్తగారు కోడల్ని బాత్రూమ్‌కి కూడా నడవనివ్వరు. అప్పుడు కిందికి కనిపించినవాటిలో ఎక్కువ శాతం నెలలు నిండేసరికి పైకి జరుగుతాయి. మాయ తనంతట తాను కదలదు. గర్భసంచి కింది భాగం సాగేకొద్దీ ముఖద్వారానికీ మాయకీ ఎడం పెరుగుతుంది. పడుకున్నంత మాత్రాన ఆ ఎడం పెరగదు, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం. 32 వారాలప్పుడు మళ్లీ స్కాన్ చేయించండి. నెలలు నిండేసరికి కూడా ముఖద్వారాన్ని కప్పే ఉంటే సిజేరియన్ తప్పదు.

నొప్పి లేకుండా ఎర్రటి రక్తం కనిపిస్తే మాత్రం, కొంచెమే కదా, ఆగిపోయింది కదా అని ఇంట్లో ఉండకండి. 108కి ఫోన్ చేసి, రక్తం ఎక్కించే వసతి ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.

ముందు కాన్పు సిజేరియన్ అయినవాళ్లు మరీ జాగ్రత్త. పాత కుట్టు మీద మాయ నాటుకుంటే గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోవచ్చు, కాన్పప్పుడు విడిరాదు. ఒక్కోసారి గర్భసంచినే తీసేయాల్సి వస్తుంది. తొలి కాన్పుకే ముహూర్తం పెట్టించి ఆపరేషన్ చేయమనే కుటుంబాలకు ఈ సంగతి కూర్చోబెట్టి చెబుతాను.

అపోహ: తల్లి రక్తమే బిడ్డలో పారుతుంది.

కాదు. ఇద్దరి రక్తాల మధ్య సన్నని పొర ఉంటుంది. ప్రాణవాయువు, పోషకాలు ఆ పొర దాటి వెళ్తాయి. అందుకే తల్లిది ఒక గ్రూపు, బిడ్డది ఇంకో గ్రూపు ఉండొచ్చు.

అపోహ: ఇన్సులిన్ సూది బిడ్డకు చేటు, మాత్రలైతే ఏవైనా పర్లేదు.

ఇన్సులిన్ మామూలుగా మాయను దాటదు. దాటేది తల్లి రక్తంలో పెరిగిన చక్కెర. మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో చాలావరకు దాటేస్తాయి. వేవిళ్లకని వాడిన థాలిడోమైడ్ 1957లో జర్మనీలో మార్కెట్లోకి వచ్చింది, 1961లో వెనక్కి తీసుకునేలోపు వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. మద్యం, సిగరెట్ పొగలోని నికోటిన్ కూడా మాయను దాటేస్తాయి. పక్కన కూర్చుని తండ్రి తాగే సిగరెట్టూ లెక్కే.

అపోహ: పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకు గండం.

ప్రతి నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో బొడ్డుతాడు మెడకు చుట్టుకునే ఉంటుంది. తల రాగానే చాలాసార్లు వేలితోనే తప్పించేస్తాం. నూనెలో నీడ చూపించే వేడుక చేసుకోండి, కాదనను. మేనమామను భయపెట్టకండి.

అపోహ: బిడ్డ పుట్టిన క్షణమే బొడ్డు కోసేయాలి.

బిడ్డ బాగా ఏడుస్తుంటే కనీసం ఒక నిమిషమైనా ఆగుతాం. తల్లి పొట్ట మీద బిడ్డను పడుకోబెట్టి బొడ్డుతాడును రెండు వేళ్లతో పట్టుకుంటే నాడి ఇంకా కొట్టుకుంటూ ఉంటుంది. మాయలో మిగిలిన రక్తం, దాంతో పాటు కొన్ని నెలలకు సరిపడా ఐరన్, బిడ్డకు చేరుతుంటాయి. మెల్లగా తాడు తెల్లబడి మెత్తబడుతుంది. అప్పుడు కోస్తాం.