స్వర్ణముఖి రోడ్డు కాదని కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది?

నడివేసవిలో శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖిని ఆకాశం నుంచి తీసిన ఫొటోలో చూడండి. తెల్లటి ఇసుక పట్టీ ఒకటి వంపులు తిరుగుతూ పోతుంది. పక్క పల్లెల మట్టిదోవలదీ దాదాపు అదే రంగు. రంగు చూసి రోడ్లను పట్టుకోమంటే కంప్యూటరు ఏటిని కూడా రోడ్డు కిందే జమ కడుతుంది. చెరువు కట్ట, కాలువ గట్టు, రైలు పట్టాలు, మామిడి తోపులో వరసల మధ్య ఖాళీ... అంత ఎత్తు నుంచి ఇవన్నీ గీతలే.

తిరుపతి చుట్టూ కొత్త కాలనీలు లేస్తూనే ఉన్నాయి, మ్యాపులు వాటిని అందుకోలేకపోతున్నాయి. ఫొటోలకు కొరత లేదు. 2005లో శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1 ఉపగ్రహం నేల మీద రెండున్నర మీటర్ల దాకా వివరం చూపింది. 2019లో వెళ్లిన కార్టోశాట్-3 మీటరులో దాదాపు నాలుగో వంతు దాకా చూపగలదు. విమానాల నుంచి, డ్రోన్ల నుంచి తీసినవి ఇంకా నిశితంగా ఉంటాయి. కొరతల్లా వాటి ముందు కూర్చుని ఒక్కో రోడ్డునూ గీసే మనుషులకే.

ఈ పని యంత్రానికి అప్పగించాలన్న ప్రయత్నం 1970లలోనే మొదలైంది. రెండు అంచులు సమాంతరంగా ఉండాలి, వెడల్పు హఠాత్తుగా మారకూడదు, మలుపు మెల్లగా తిరగాలి అంటూ నియమాలు రాసేవారు. విచిత్రమేమిటంటే, ఫొటో స్పష్టమయ్యేకొద్దీ ఈ నియమాలు బెసికాయి. మసకగా ఉన్నప్పుడు ఒక్క గీతగా కనిపించిన రోడ్డు మీద ఇప్పుడు లారీలు, తెల్లచారలు, చింతచెట్ల నీడలు విడివిడిగా కనిపిస్తాయి. అంచులు ముక్కలైపోతాయి.

2010లో టొరంటో విశ్వవిద్యాలయంలో వొలొదిమిర్ మ్నీహ్, జెఫ్రీ హింటన్ వేరే దారి పట్టారు. నియమాలు రాయకుండా, ఉన్న మ్యాపులనే పాఠాలుగా పెట్టి న్యూరల్ నెట్‌వర్క్‌కు, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటరు ప్రోగ్రాముకు, నేర్పారు. 64×64 పిక్సెళ్ల (ఫొటోలోని చిన్న చిన్న చుక్కల) ముక్క చూపించి, దాని నడిమధ్య 16×16 పిక్సెళ్లలో రోడ్డు ఎక్కడుందో చెప్పమన్నారు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది ఆ చుట్టూ వదిలిన జాగా. రోడ్డును గుర్తుపట్టించేది దాని పరిసరమే. ఇళ్ల గుమ్మాలు దాని వైపు తిరిగి ఉంటాయి, పక్క సందులు వచ్చి కలుస్తాయి. స్వర్ణముఖిలో ఏ సందూ కలవదు. అడ్డంగా వంతెన మాత్రం ఉంటుంది.

అయితే పాఠంలోనే తప్పుంటే? పాత మ్యాపులో లేని సందును నెట్‌వర్క్ సరిగ్గా కనిపెట్టినా శిక్షణలో దాన్ని తప్పుగానే లెక్కిస్తారు. కొన్నిచోట్ల మ్యాపు గీత అసలు రోడ్డుకు నాలుగైదు మీటర్లు పక్కకు జరిగి ఉంటుంది. ఈ రెండు రకాల లోపాలనూ ముందే లెక్కలోకి తీసుకునే పద్ధతిని 2012లో వాళ్లిద్దరే ప్రతిపాదించారు. అమెరికా తారు రోడ్లు మాత్రమే చూసి నేర్చుకున్న నెట్‌వర్క్ పలమనేరు మట్టిదోవల దగ్గర తడబడుతుంది. అందుకే 2018లో ఉపగ్రహ చిత్రాల్లో రోడ్లను యంత్రంతో గుర్తించడానికి జరిగిన డీప్‌గ్లోబ్ పోటీలో థాయిలాండ్, ఇండోనేషియాలతో పాటు మన దేశపు చిత్రాలూ చేర్చడం నిజంగా మంచి పని.

ఇక అసలు చిక్కు. చిత్రంలో నూటికి తొంభై తొమ్మిది పిక్సెళ్లు సరిగ్గా వచ్చాయనుకుందాం. ఊరికి ఉన్న ఒక్క రోడ్డు మీద చెట్టు కొమ్మలు కమ్మిన చోట ఐదు మీటర్లు తెగిపోయింది. పిక్సెళ్ల లెక్కలో అది లెక్కలోకే రాదు. కానీ ఆ మ్యాపును నమ్మి బయల్దేరే 108 అంబులెన్సుకు ఆ ఊరికి దారే లేదు. అందుకే ఇప్పుడు ఇంకో కొలత కూడా వాడుతున్నారు. అసలు మ్యాపులోనూ, యంత్రం గీసిన దానిలోనూ అవే రెండు చోట్ల మధ్య దగ్గరి దారి ఎంత పొడవుందో పోల్చి చూస్తారు. ఒక్క తెగుడుకే మార్కులు పడిపోతాయి. అలాగని కనిపించిన ఖాళీనల్లా పూడ్చేస్తే, వంతెన లేని వంక మీదుగా కూడా దారి పుట్టుకొస్తుంది. అది ఇంకా ప్రమాదం.

తిరుమల కొండ మీద ఈ కష్టాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. శేషాచలం చెట్లు రోడ్డును కమ్మేస్తాయి, మలుపులు ఒకదాని మీద ఒకటి పడినట్టుంటాయి, కొండ నీడ పొద్దును బట్టి జరుగుతుంది. ఇవన్నీ దాటుకుని రెండు ఘాట్ రోడ్లనూ తెగకుండా గీసినా, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు దిగడానికే, 1974 నాటి రెండోది ఎక్కడానికే అన్న సంగతి ఆ గీతల్లో ఉండదు. అది అలిపిరిలో నిలబడి చూసిన మనిషి చెప్పాలి, లేదా ఆ దారిన రోజూ తిరిగే బస్సుల జీపీఎస్ జాడల నుంచి తీసుకోవాలి.