నాలుగుసార్లు మసకబారిన నక్షత్రం

శ్రీకాకుళం పక్కనున్న అరసవల్లిలో ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ ఉదయించే సూర్యుని కిరణాలు గోపురం గుండా వచ్చి, అనివెట్టి మండపాన్ని దాటి, సూర్యనారాయణ స్వామి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. సూర్యోదయ స్థానం డిసెంబరు 21 దాకా దక్షిణానికి జరుగుతూ పోయి, ఆ తర్వాత ఉత్తరానికి మళ్లుతుంది కాబట్టి, తూర్పు దిగంతంలో ఒకే చోటును అది ఏడాదికి రెండుసార్లు దాటుతుంది. అక్టోబరు 2 ఆ మలుపుకు 80 రోజుల ముందు వస్తే, మార్చి 10 దానికి 79 రోజుల తర్వాత వస్తుంది. అక్టోబరులో మబ్బు పట్టి, తెల్లవారుజామునే వచ్చి నిలుచున్న భక్తులు నిరాశతో వెనుదిరగడమూ ఉంది గానీ, లెక్కలో మాత్రం తేడా ఉండదు.

సూర్యుడు, ద్వారం, విగ్రహం ఒకే గీత మీదికి రావడం వంటిదే దూరపు గ్రహాలను కనిపెట్టే ప్రధాన పద్ధతి కూడా. అక్కడ ఒకే గీత మీదికి రావలసినవి నక్షత్రం, దాని గ్రహం, మన టెలిస్కోపు. గ్రహం నక్షత్రానికి అడ్డువచ్చిన కొన్ని గంటలపాటు నక్షత్రకాంతి రవ్వంత తగ్గుతుంది. దీన్నే ట్రాన్సిట్ అంటారు. అయితే అరసవల్లిలో ఆ గీతను చూసుకుని గుడి కట్టిన స్థపతులు ఉన్నారు, ఆకాశంలో మన కోసం కక్ష్యలను సరిచేసి పెట్టినవారు ఎవరూ లేరు. సూర్యుడి వంటి నక్షత్రం చుట్టూ భూమి ఉన్నంత దూరంలో తిరిగే గ్రహం మనకు అలా అడ్డువచ్చే అవకాశం దాదాపు 215లో ఒక వంతు. అడ్డువచ్చినా, భూమంత గ్రహం తగ్గించే వెలుగు పదివేలలో ఒక వంతు కూడా ఉండదు.

2009 మార్చిలో నాసా ప్రయోగించిన కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు ఇంత చిన్న తగ్గుదల కోసమే హంస, వీణ నక్షత్రమండలాల మధ్య ఒకే చోటును, అక్కడి లక్షన్నరకు పైగా నక్షత్రాలను నాలుగేళ్లపాటు తదేకంగా చూసింది. వాటిలో ఒకటి కెప్లర్-452. ఉపరితల ఉష్ణోగ్రతలో సూర్యుడికి దాదాపు సమానం, వ్యాసార్ధంలో 11 శాతం పెద్దది, వయసులో సుమారు 150 కోట్ల ఏళ్లు పెద్దది. దాని చుట్టూ 385 రోజులకు ఒకసారి తిరిగే గ్రహం ఉన్నదని 2015 జులైలో ప్రకటించి, దానికి కెప్లర్-452బి అని పేరు పెట్టారు.

‘మరో భూమి దొరికింది’ అని అప్పట్లో పత్రికలు రాశాయి. నీలి సముద్రాలతో వచ్చిన ఆ బొమ్మ చిత్రకారుడి ఊహ మాత్రమే. నిజంగా చేతిలో ఉన్నది పదిగంటలకు పైగా సాగే మసక, అదీ నాలుగేళ్లలో నాలుగుసార్లు. తగ్గిన వెలుగు పదివేలలో రెండు వంతులు. అందులోంచి గ్రహం వ్యాసార్ధం భూమికి 1.6 రెట్లని లెక్క తేలింది. దాని బరువును ఎవరూ కొలవలేదు. ఈ పరిమాణం దాటిన గ్రహాలు చాలావరకు రాతినేలకు బదులు మందమైన వాయుపొరతో ఉంటాయని ఇతర గ్రహాల అధ్యయనం చెబుతోంది కాబట్టి, కాలు మోపడానికి నేల ఉన్నదో లేదో కూడా చెప్పలేము.

అంతకన్నా ఆసక్తికరమైన చిక్కు 2018లో వచ్చింది, అదీ కెప్లర్ సమాచారంతోనే పనిచేసిన శాస్త్రవేత్తల నుంచే. తన సౌరఫలకాలు సూర్యుడి వైపే ఉండేలా ఆ టెలిస్కోపు దాదాపు మూడు నెలలకోసారి 90 డిగ్రీలు తిరిగేది. అంటే ఒక నక్షత్రపు వెలుగు ఏడాదిలో నాలుగు వేర్వేరు కాంతిగ్రాహకాల మీద పడి, 372 రోజులకు మళ్లీ మొదటిదాని మీదికి వచ్చేది. ఆ గ్రాహకాల్లో ఏ ఒక్కదానిలోనైనా ఎలక్ట్రానిక్ లోపం ఉంటే, అది ఏడాదికోసారి క్రమం తప్పకుండా వచ్చే మసకలాగే, అంటే అచ్చం భూమి వంటి గ్రహంలాగే కనిపిస్తుంది. కెప్లర్ పట్టిన తప్పుడు సంకేతాలు నిజంగానే 372 రోజుల చుట్టుపక్కల గుంపుగా చేరాయి, 385 అక్కడికి దూరమేమీ కాదు. వెతుకుతున్న వస్తువు రూపాన్నే పరికరం దోషం ధరించడం కన్నా పరిశోధకుడికి ఇబ్బందికరమైనది మరొకటి ఉండదేమో. అందుకే ఇది గ్రహమేనని కెప్లర్ సమాచారం ఒక్కదానితో 99 శాతం నమ్మకంగా చెప్పలేమని వారు తేల్చారు. గ్రహం లేదని మాత్రం వారు అనలేదు.

ఈ నక్షత్రం ఉన్న దిక్కును మనవాళ్లు సులువుగానే చూడవచ్చు. అక్టోబరు 2న శ్రీకాకుళంలో రాత్రి ఏడు గంటల ప్రాంతంలో ఉత్తరానికి తిరిగి, నడినెత్తికీ దిగంతానికీ మధ్య మూడింట రెండు వంతుల పైన చూస్తే అదే హంస మండలం. దానికి కాస్త పడమరగా మెరిసేది అభిజిత్. కెప్లర్-452 మాత్రం వట్టి కంటికి కనపడదు, అది సుమారు 1800 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఇప్పుడు మనకు చేరుతున్న దాని వెలుగు బయలుదేరేనాటికి వంశధార ఒడ్డున సాలిహుండం కొండ మీద బౌద్ధ భిక్షువులు ఉన్నారు, అరసవల్లి ఆలయం ఇంకా కట్టలేదు.

ఆ దూరమే గ్రహం బరువు తూచడానికీ అడ్డు. గ్రహం లాగుడుకు నక్షత్రం కొద్దిగా అటూఇటూ ఊగుతుంది, ఆ ఊగే వేగాన్ని బట్టే గ్రహం బరువును లెక్కగడతారు. భూమి వల్ల సూర్యుడు ఊగే వేగం సెకనుకు 9 సెంటీమీటర్లే. అంతటి సూక్ష్మాన్ని ఇంత మసక నక్షత్రంలో కొలవడం ఇప్పటి పరికరాలకు సాధ్యం కాదు. ఐరోపా అంతరిక్ష సంస్థ 26 కెమెరాలతో రూపొందించిన ప్లేటో టెలిస్కోపు మరింత దగ్గరి, మరింత వెలుగున్న నక్షత్రాలను ఎంచుకున్నది ఈ కారణంగానే.

కెప్లర్-452బి సంగతి తేలాలంటే అంతరిక్షంలోని వేరే టెలిస్కోపు ఏదైనా, లెక్క చెప్పిన సమయానికి గురిపెట్టి మరొక మసకను పట్టుకోవాలి. నేల మీది టెలిస్కోపులకు వాతావరణంలోని అదురే ఆ తగ్గుదల కన్నా ఎక్కువగా కనిపిస్తుంది, పదిగంటలు గడిచేలోగా తెల్లవారిపోతుంది కూడా. పైగా నాలుగు మసకల నుంచి తీసిన 385 రోజుల లెక్కలో ఉన్న కొద్దిపాటి అనిశ్చితి ప్రతి చుట్టుకూ కూడుకుంటూ పోతుంది కాబట్టి, ఆలస్యమయ్యేకొద్దీ ఇంకా ఎక్కువ గంటలు దాని మీదే కాపు కాయవలసి వస్తుంది.