మత్తులో వచ్చే కలల సంగతి

మా పెద్దమ్మకి గాల్ బ్లాడర్‌లో రాళ్ళున్నాయి ఆపరేషన్ చెయ్యాలన్నారు, ఆవిడ కోతకి భయపడలేదు, కుట్లకీ భయపడలేదు, బిల్లుకి కొంచెం భయపడింది గానీ అది అందరికీ ఉండేదే. అసలు భయమంతా మత్తు గురించే. ముందు రోజు రాత్రి పదింటికి ఫోన్ చేసి, "ఒరేయ్, మత్తులో పోయినోళ్ళు కనిపిస్తారంట కదరా, మీ పెదనాన్న కనిపించి రమ్మంటే నేనేం చెయ్యాలి?" అంది. కాసేపాగి గొంతు తగ్గించి, "నోటికొచ్చింది వాగేస్తానేమో కూడానూ, పక్కన కోడలుంటుంది" అంది. నవ్వొచ్చింది కానీ సమాధానం నాకూ తెలీదు, అందుకే కూర్చుని చదివాను.

మొదట తెలుసుకోవాల్సింది ఏంటంటే మత్తు నిద్ర కాదు. "నిద్రపుచ్చుతామమ్మా" అని డాక్టర్లు మనకి అర్థం కావడానికి అంటారంతే. రాత్రి నిద్రలో సుమారు గంటన్నరకోసారి రెప్పల కింద కళ్ళు గబగబా కదిలే దశ ఒకటి వస్తుంది, బాగా గుర్తుండే కలలు ఎక్కువగా అప్పుడే వస్తాయి, గిచ్చితే లేస్తాం కూడా. మత్తులో ఈ రౌండ్లేం ఉండవు. ఇప్పుడు ఎక్కువగా ఇచ్చే ప్రొపొఫాల్ అనే మత్తుమందు (సోయా నూనె, గుడ్డు లెసిథిన్ కలిపి చేస్తారు కాబట్టి అచ్చం పాలలా తెల్లగా ఉంటుంది) మెదడులో గాబా అనే బ్రేకుని గట్టిగా తొక్కుతుంది. మెదడులో కరెంటుని గీతలుగా గీసి చూపించే ఈఈజీలో పెద్ద పెద్ద నెమ్మది అలలు కనిపిస్తాయి, డోసు మరీ పెరిగితే మధ్యమధ్యలో గీత చదునైపోతుంది. ఊళ్ళో ఇళ్ళన్నీ ఉన్నాయి కానీ ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మాటల్లేవు, అలా అనుకోండి. అంత లోతులో మెదడు కూర్చుని కథ అల్లడం కష్టం.

మరి కలొచ్చిందని చెప్పేవాళ్ళంతా అబద్ధాలాడుతున్నారా అంటే, లేదు. మెల్‌బోర్న్‌లో కేట్ లెస్లీ అనే మత్తు డాక్టరు, ఆవిడ టీమ్, 300 మందిని మెలకువ రాగానే అడిగి 2007లో ఆ ఫలితాలు ప్రచురించారు. నూటికి 22 మంది కలొచ్చిందన్నారు. ఐతే వీళ్ళకి మత్తు సరిగ్గా ఎక్కలేదేమో అనే అనుమానం వస్తుంది కదా, కానీ ఆపరేషన్ నడుస్తున్నప్పుడు మత్తు లోతు చూపించే మానిటర్లో కల వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ పెద్ద తేడా కనిపించలేదు. పైగా ఆ కలల్లో కత్తులూ రక్తం లేవు, చాలావరకు మామూలు నిద్రలో వచ్చేలాంటి హాయైన కలలే. దీన్నిబట్టి ఎక్కువమంది చెప్పేది ఏంటంటే, ఆపరేషన్ అయిపోయి మందు ఆపేశాక మెదడు ఒక్కసారిగా స్విచ్ వేసినట్టు లేవదు, కాసేపు మామూలు నిద్రలాంటి దశలోంచి నడిచొస్తుంది, కలలు చాలావరకు ఆ చివరి నిమిషాల్లోవి. మనకి మాత్రం ఆపరేషనంతా కలగంటూనే ఉన్నట్టుంటుంది.

పైనుంచి నా శరీరాన్ని నేనే చూశాను, సొరంగంలోకి పోయాను, దేవుడు కనిపించాడు, ఇలాంటి కథలు వింటే నాకు ముందు అనుమానమొచ్చేది కెటమిన్ అనే ఇంకో మత్తుమందు మీద. దాని పుట్టుకే చిత్రం. అంతకుముందు ఫెన్‌సైక్లిడిన్ అనే మందుంటే, పేషెంట్లు లేచేటప్పుడు పిచ్చెత్తినట్టు ప్రవర్తిస్తున్నారని దాన్ని పక్కనపెట్టి, అమెరికాలో పార్క్-డేవిస్ కంపెనీ కోసం కాల్విన్ స్టీవెన్స్ 1962లో అలాంటిదే కానీ తక్కువసేపు పనిచేసేది తయారుచేశాడు. 1964లో మొదటిసారి మనుషులకి ఇచ్చినప్పుడు వాళ్ళు శూన్యంలో తేలుతున్నట్టుందని, కాళ్ళూ చేతులూ లేనట్టుందని చెప్పారు. ఇదంతా ఆ పరీక్షలు చేసిన ఎడ్వర్డ్ డొమినో ఇంటికెళ్ళి భార్యకి చెప్తే, వాళ్ళు బయటి నుంచి తెగిపోయినట్టున్నారు కదా, 'డిస్సోసియేటివ్' అనొచ్చుగా అందట, ఆ పేరే ఖాయమైపోయింది.

ఇది మిగతా మత్తుల్లా మెదడుని మొత్తంగా ఆర్పదు. కళ్ళు తెరిచే ఉండొచ్చు, మనిషి మాత్రం ఉండడు. బయటి నుంచి వచ్చే చూపు, స్పర్శ, నొప్పి సరిగ్గా చేరవు, లోపల మెదడు మాత్రం ఖాళీగా కూర్చోదు, సొంత సరుకుతో బొమ్మలు వేసుకుంటుంది. ఆ సరుకులో పోయినవాళ్ళూ ఉంటారు, గుళ్ళో చూసిన విగ్రహాలూ ఉంటాయి. ఒక్క కెటమిన్ ఇస్తే నూటికి సుమారు 12 మందికి లేచేటప్పుడు ఇలాంటి కలలో భ్రమలో కంగారో వస్తాయని అమెరికాలో మందు లేబుల్ మీదే ఉంటుంది. మరెందుకు వాడతారయ్యా అంటే, ఊపిరిని పెద్దగా అణచదు, బీపీ పడిపోనివ్వదు, పెద్ద మెషీన్లు లేని చోట అదే దిక్కు, అందుకే యుద్ధాల్లోనూ చిన్న ఆస్పత్రుల్లోనూ అంత నడిచింది. ఇప్పుడు చాలాసార్లు దాంతోపాటు మిడజోలామ్ అనే మగత మందు కూడా ఇస్తారు, గోల బాగా తగ్గుతుంది.

నిజంగా భయపడాల్సింది ఇంకోటుంది, మధ్యలో మెలకువ రావడం. చాలాసార్లు కండరాలు కదలకుండా మందిచ్చి ఉంటారు కాబట్టి మనిషి అరవలేడు. బ్రిటన్, ఐర్లాండ్ డాక్టర్లు 2014లో లెక్క తీస్తే సుమారు 19,000 మత్తులకి ఒకరు తమంతట తాము ఇలా జరిగిందని చెప్పారు, జనరల్ మత్తిచ్చి (అంటే పూర్తిగా తెలివి లేకుండా చేసి) చేసిన సిజేరియన్లలో సుమారు 670కి ఒకరు. పనిగట్టుకుని పదేపదే అడిగితే ఈ సంఖ్య చాలా పెరుగుతుంది, కొన్ని స్టడీల్లో వెయ్యికి ఒకరిద్దరు. కాబట్టి ఎవరైనా నాకు మాటలు వినిపించాయి, లాగుతున్నట్టు తెలిసింది అంటే "కలొచ్చుంటుందిలే" అని కొట్టిపారెయ్యకండి, డాక్టరుకి చెప్పించండి. కాకపోతే వెన్నులో ఇంజక్షన్ ఇచ్చి చేసిన ఆపరేషన్ ఐతే వేరే సంగతి, అక్కడ మాటలు వినిపించడం మామూలే, మనవైపు సిజేరియన్లు ఎక్కువ అలాగే కదా.

ఇక వాగేస్తానేమో అన్న భయం. ఇది టీవీలో నార్కో టెస్టుల వార్తలు చూసి వచ్చిందని నా అనుమానం. పూర్తిగా తప్పూ కాదు, అక్కడ వాడే పెంటోథాల్ అనే మందునే ఒకప్పుడు ఆపరేషన్లకీ ముందు ఎక్కించేవాళ్ళు. కానీ నార్కోలో కొంచెం కొంచెంగా ఇచ్చి మగతలో ఉంచుతారు, అందులో వచ్చే మాటలు కూడా నిజాలే అని నమ్మకమేం లేదు. మనిషి ఒప్పుకోకుండా అది చెయ్యకూడదని సుప్రీంకోర్టు 2010లో చెప్పేసింది కూడా. జనరల్ మత్తిచ్చి చేసే ఆపరేషన్లో ఐతే చాలాసార్లు గొంతులో గొట్టమే ఉంటుంది, రహస్యం కాదు కదా రాగం కూడా రాదు. లేచేటప్పుడు ఏదో గొణుగుతారు, అంతే.

పెద్దమ్మకి ఇదంతా చెప్పలేదు, "ఏం కాదు, పడుకుని లేస్తావు" అన్నాను.

ఆపరేషన్ అయిన రోజు సాయంత్రం వెళ్తే మొహం ముడుచుకుని ఉంది. కలొచ్చిందట. మంగళవారం సంతలో చింతపండు బేరమాడుతోంది, అమ్మేవాడేమో ధర చెప్పకుండా "అమ్మా, కళ్ళు తెరవండి, గట్టిగా ఊపిరి పీల్చండి" అని ఒకటే అరుపు. ఆ అరిచింది నర్సమ్మ అని ఆవిడకి తర్వాత తెలిసింది. కోడలు నవ్వాపుకోలేక చెప్పింది, అత్తయ్య కళ్ళు తెరుస్తూనే "నూట ఇరవైకిస్తే ఇవ్వు, లేకపోతే లేదు" అన్నారట.

"మరి పెదనాన్న కనిపించలేదా?" అన్నాను.

"ఆయనెప్పుడు సంతకొచ్చాడు కనక," అంది.