బట్టల ప్రకటనలు: షాపుల్లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఆషాఢం దగ్గరపడితే విజయవాడ బీసెంట్ రోడ్డు బట్టల షాపుల నుంచి, వన్ టౌన్ హోల్‌సేల్ వాళ్ల నుంచి ప్రకటనలు తయారుచేసే మాకు ఊపిరాడనంత పని. పేపరు యాడ్, ఫ్లెక్సీ, కరపత్రం, రీల్ అన్నీ ఒకేసారి కావాలంటారు. ఆ హడావిడిలో ఓనర్ల నోట వినే మాటలు కొన్ని ఏళ్లుగా మారడం లేదు. అవి నిజమనుకుని డబ్బు పోసేవాళ్లను చూస్తే బాధేస్తుంది, అందుకే రాస్తున్నాను. ఇరవయ్యో శతాబ్దంలో బట్టల ప్రకటనను నడిపింది అందమైన మొహాలు కావు. ఆ రోజుల్లో ఏది సరిగ్గా అచ్చయ్యేదో, ఏది జనం కంటబడేదో, అదే నడిపింది.

అపోహ: బట్టలకు ప్రకటనలు టీవీతోనే మొదలయ్యాయి

దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు 1976లో వచ్చాయి, రంగులు 1982లో. వివిధభారతిలో 1967 నుంచే ఉన్నాయి. వీటన్నిటికీ ముందు తాను మీద బొమ్మ ఉంది. ఇంగ్లండులోని మాంచెస్టర్ మిల్లుల నుంచి దిగే తానుల మీద లక్ష్మీదేవి, కృష్ణుడు, ఏనుగులు ఉన్న రంగురంగుల లేబుళ్లు అంటించి పంపేవారు. చదువు రానివాళ్లకైనా బొమ్మ గుర్తుంటుంది, మళ్లీ అదే తాను అడుగుతారు.

వాటికి ఎదురు నిలిచింది ఖద్దరు. గాంధీగారు దక్షిణాఫ్రికాలో తన పత్రికలో వ్యాపార ప్రకటనలు మాన్పించారు కాబట్టి ఖద్దరుకు ప్రచారమే లేదనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. 1921 మార్చి ఆఖరున ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) సమావేశం జరిగింది మన బెజవాడలోనే. దేశమంతా 20 లక్షల రాట్నాలు తిరగాలి, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగవాలి, కాంగ్రెస్‌లో కోటిమంది చేరాలి అని అక్కడే తీర్మానించారు. పింగళి వెంకయ్యగారు జెండా నమూనా గాంధీగారి చేతికిచ్చిందీ ఆ రోజుల్లోనే. ఆ తర్వాత ఖద్దరు ప్రదర్శనలు, ఊళ్లలో మ్యాజిక్ లాంతరుతో తెర మీద చూపిన బొమ్మలు, వీధి వీధి తిరిగి అమ్మిన కార్యకర్తలు! ఒక బట్ట కోసం ఇంత పెద్ద ప్రచారం మన దేశంలో అంతకు ముందు జరగలేదనే నా అభిప్రాయం.

అపోహ: ఫొటో రాగానే బొమ్మలు గీసేవాళ్ల పని అయిపోయింది

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, మా పని అంతా ఇక్కడే ఉంది.

ఎడ్వర్డ్ స్టైకెన్ అనే ఫొటోగ్రాఫర్ ప్యారిస్ డిజైనర్ పాల్ పోరె గౌన్లను ఫొటోలు తీసింది 1911లో. వోగ్ అనే ఫ్యాషన్ పత్రిక ముఖచిత్రంగా రంగుల ఫొటో వచ్చింది 1932 జులైలో. మధ్యలో 21 ఏళ్లు గడిచాయి. ఆ తర్వాత కూడా బొమ్మ పోలేదు. 1950ల్లో న్యూయార్క్‌లో ఐ. మిల్లర్ చెప్పుల కంపెనీ దినపత్రికల్లో వేయించిన ప్రకటనలకు బొమ్మలు గీసింది, తర్వాత పెద్ద చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న ఆండీ వార్హోల్.

కారణం కాగితమే. న్యూస్‌ప్రింట్ సిరా పీల్చేస్తుంది. ఫొటోను అచ్చు వేయాలంటే చుక్కలుగా విడగొట్టి హాఫ్‌టోన్ బ్లాకు చేయాలి. ఆ చుక్కలు సన్నగా ఉంటే సిరా పూడుకుపోతుంది, ముతకగా ఉంటే అంచు, బుటా ఏవీ తెలియవు. అందులో చీర ఫొటో వేస్తే జరీ అంచు బురదలా అయ్యేది. అదే గీతలతో వేసిన బొమ్మకు చుక్కలు లేని లైన్ బ్లాకు చేయిస్తే ప్రతి కుచ్చీ విడివిడిగా పడేది. ఆర్టిస్టు జరీ ఉన్నచోట కాగితాన్ని తెల్లగా వదిలేసి, పక్కన నల్ల గీత పెట్టేవాడు. చూసేవాళ్లకు అది మెరుపుగానే అనిపించేది.

ఇప్పుడు ఆఫ్‌సెట్ అచ్చులో నాలుగు రంగులున్నా ఆ చిక్కు పోలేదు. ఆ నాలుగు సిరాల్లో లోహపు మెరుపు లేదు. జరీ అంటే కాస్త పసుపు, కాస్త గోధుమ, మధ్యలో వదిలేసిన తెలుపు, అంతే. నెమలికంఠం రంగు మంగళగిరి చీరయితే మరీ కష్టం. పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఇంకో రంగు కాబట్టి కదిలినప్పుడే రెండూ కనిపిస్తాయి. ఫ్లాష్ నేరుగా కొట్టారా, ఒక్క నీలమే మిగులుతుంది. అందుకే మేం కొంగును భుజం దగ్గర మడత పెట్టి, వెలుగు పక్కనుంచి పడేలా చూస్తాం.

అపోహ: హీరోయిన్ లేకపోతే యాడ్ ఆడదు

లక్స్ సబ్బుకు 1941లో సినిమా నటి లీలా చిట్నీస్ బొమ్మ వేసినప్పటి నుంచి మన దగ్గర ఈ నమ్మకం బలపడింది. సబ్బు సంగతి వేరు. అమెరికాలో యారో కంపెనీ చొక్కా కాలర్ల ప్రకటనలకు 1905 నుంచి లెయెండెకర్ అనే చిత్రకారుడు గీసిన మనిషి అసలు నటుడే కాదు, బొమ్మ. ఆ బొమ్మకే అభిమానులు ఉత్తరాలు రాసేవారు! 1951లో హాథవే అనే చిన్న చొక్కాల కంపెనీకి డేవిడ్ ఓగిల్వీ అనే ప్రకటనల నిపుణుడు ప్రకటన చేశాడు. మోడల్ ఎవరో జనానికి తెలియదు, ఒక కంటి మీద నల్ల పట్టీ ఉంటుంది. ఈయన కంటికి ఏమైందో అని ఆగిన పాఠకుడు కింద చొక్కా కుట్టు గురించి రాసిందంతా చదివాడు. గుంటూరు పట్నంబజారులో మధ్యతరగతి షాపు నడిపేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇదే. హీరోయిన్‌కిచ్చే డబ్బులో కొంత మంచి ఫొటోకి, నాలుగు మంచి వాక్యాలకి పెట్టండి.

అపోహ: గొడవ రేగితే చాలు, సరుకు అమ్ముడుపోతుంది

పేరు మారుమోగుతుంది, నిజమే. ఇటలీ బట్టల కంపెనీ బెనెటన్ 2000లో మరణశిక్ష పడ్డ ఖైదీల ఫొటోలతో ప్రకటనలు వేస్తే, అమెరికాలో ఆ బట్టలు అమ్మాల్సిన సియర్స్ అనే దుకాణాల సంస్థ ఒప్పందం రద్దు చేసుకుంది.

ప్రకటనలు లేని అవసరాన్ని పుట్టిస్తాయంటారు

దీన్ని మాత్రం అపోహ అనలేను. చేతుల్లేని గౌన్లు ఫ్యాషనవుతున్న 1915లో, ఆడవాళ్లు చంకల్లో వెంట్రుకలు తీసేయాలని అమెరికా పత్రికల్లో ప్రకటనలు మొదలయ్యాయి. అదే ఏడాది జిలెట్ ఆడవాళ్ల కోసం రేజరు తెచ్చింది. అంతకు ముందు అక్కడ దాన్ని లోపంగా చూసినవాళ్లు తక్కువ.

మన దగ్గర ఆ లోపం స్థానంలో ఒంటి రంగు ఉంది. పెళ్లిపట్టు యాడ్ ప్రూఫ్ చూసి "అమ్మాయిని ఇంకొంచెం తెల్లగా చేయండి సార్" అని ఇప్పటికీ అడుగుతారు. నేను చేయను. ఆడపిల్లలు ఆ ఫ్లెక్సీ కిందనుంచే రోజూ కాలేజీకి వెళ్తారు. పైగా మొత్తం ఫొటోను తెల్లబరిస్తే ఎరుపు పట్టు గులాబీకి తిరుగుతుంది, జరీ పాలిపోతుంది, యాడ్ చూసి వచ్చిన కస్టమరు ఆ రంగు చీరే కావాలని కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. కావాలంటే లైటింగ్ మార్చి మళ్లీ షూట్ చేద్దామండీ అంటాను. చాలామంది ఒప్పుకుంటారు.