ఆ పాట మొదట ఎవరిది? మేడమీద గొడవకు తాతయ్య జవాబు

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి, మీతోపాటు మేడమీద చేరే పిల్లలందరికీ,

తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం సాయంత్రం మీ వాదన కింద మెట్లదాకా వినబడింది. పెద్దోడు "లెడ్ జెప్పెలిన్‌ని మించిన బ్యాండు పుట్టలేదు" అంటున్నాడు. ఎదురింటి అమ్మాయి "సగం పాటలు నల్లజాతి గాయకుల దగ్గర ఎత్తుకొచ్చినవే, ఒట్టి దొంగలు" అంటోంది. నేను పైకి రాగానే అందరూ నావైపు తిరిగి "మీరు చెప్పండి తాతయ్యా" అన్నారు. అప్పుడు నేనేమీ చెప్పలేదు. ఏ పాటకాపాట విడిగా చూడాల్సిన సంగతి అది, నిలబడి ఒక్క మాటలో తేల్చేస్తే తప్పు చెప్పినవాణ్ణి అవుతాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు నా సంగతి. 1978లో నేను కాకినాడలో చదువుకుంటున్నాను. హాస్టల్లో నా గదిలో ఉండే స్నేహితుడి అన్నయ్య ఓడల్లో పనిచేసేవాడు. ఆయన తెచ్చిన ఎల్పీ రికార్డును ఊళ్ళో ఒక దుకాణంలో క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నాం. దుకాణం అతను బాల్‌పెన్నుతో ఒక కాగితం మీద పాటల పేర్లు రాసి క్యాసెట్ పెట్టెలో పెట్టిచ్చాడు. పేర్లంటే పాటల పేర్లే. ఎవరు రాశారో, ఎవరు కట్టారో అందులో లేదు. రికార్డు మళ్ళీ అన్నయ్య పెట్టెలోకి వెళ్ళిపోయింది. దాని అట్ట మేం సరిగ్గా చూడనైనా లేదు.

అది 1971లో వచ్చిన వాళ్ళ నాలుగో రికార్డు. రెండో వైపు చివర్న ఏడు నిమిషాల పాట ఒకటుంటుంది, 'వెన్ ద లెవీ బ్రేక్స్'. మొదట డ్రమ్స్ ఒక్కటే మోగుతాయి. రాత్రి లైట్లు ఆర్పేసి వింటుంటే ఆ దెబ్బ ఒక్కొక్కటీ వచ్చి ఛాతీలో తగిలేది. ఇంత పెద్ద శబ్దం ఎలా పుట్టిస్తారని మాలో మేం రాత్రుళ్ళు తర్జనభర్జన పడేవాళ్ళం.

అది ఎలా పుట్టిందో చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఇంగ్లండులో హ్యాంప్‌షైర్ పల్లెపట్టున హెడ్లీ గ్రేంజ్ అని ఒక పాత భవంతి ఉంది. ఒకప్పుడు దిక్కులేని పేదల్ని ఉంచడానికి కట్టిన ఇల్లు. రికార్డింగ్ సామగ్రి ఉన్న బండిని బయట నిలిపి, బ్యాండు డ్రమ్మరు జాన్ బోనమ్ డ్రమ్స్‌ని లోపల మెట్లున్న హాల్లో అడుగున పెట్టారు. యాండీ జాన్స్ అనే సౌండ్ ఇంజనీరు మైకుల్ని పై అంతస్తు మెట్ల దగ్గర్నుంచి కిందికి వేలాడదీశాడు. దెబ్బ పడ్డాక శబ్దం రాతిగోడల్ని తాకుతూ మెట్లమీదుగా పైకెక్కి మైకుని చేరింది. మనకు వినబడేదాంట్లో ఆ ఇల్లు కూడా ఉంది. ఆ తర్వాత టేపుని కాస్త నెమ్మదిగా తిప్పి బరువు పెంచారు. మౌత్ ఆర్గాన్‌కి ప్రతిధ్వని వెనకనుంచి ముందుకు వచ్చేలా చేశారు. పెద్దోడా, ఈ పనితనం వాళ్ళది. నువ్వు మెచ్చుకోవడంలో తప్పేమీ లేదు.

ఆ పాట మాత్రం వాళ్ళకంటే నలభై ఏళ్ళు పెద్దది. 1929లో ఇద్దరు భార్యాభర్తలు రెండు గిటార్లతో దాన్ని పాడి రికార్డు చేశారు. భర్త కాన్సాస్ జో మెకాయ్, భార్య మెంఫిస్ మిన్నీ. అందులో డ్రమ్స్ లేవు, కరెంటు గిటారు లేదు. గొంతు అతనిది. ఆ గొంతు కింద రెండు గిటార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ గలగలా పోతుంటాయి.

లెవీ అంటే నది పక్కన పోసిన కట్ట. మా గోదావరి వైపు ఏటిగట్టు అంటాం. 1927 ఏప్రిల్లో మిసిసిపీ నది పొంగి, గ్రీన్‌విల్ అనే ఊరికి ఎగువన మౌండ్స్ లాండింగ్ దగ్గర గట్టు తెగింది. ఆ ఏడు వరదలో మొత్తం 27,000 చదరపు మైళ్ళ నేల మునిగింది. లక్షలమంది ఇళ్ళు వదిలిపోయారు. గ్రీన్‌విల్‌లో తెల్లవాళ్ళని పడవల్లో దాటించారు. నల్లజాతి కౌలుకూలీలని వేలమందిని గట్టుమీదే గుడారాల్లో ఆపేసి, తుపాకులు పట్టిన కాపలా మధ్య గట్టు పని చేయించారు. వాళ్ళు వెళ్ళిపోతే మళ్ళీ పత్తిచేలకు మనుషులు దొరకరని భూస్వాముల భయం.

వాన ఇలాగే కురిస్తే గట్టు తెగుతుంది, గట్టు తెగితే నాకు నిలవడానికి చోటుండదు అని ఆ పాట సారం. 1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో మగవాళ్ళంతా రాత్రంతా లాంతర్లు పట్టుకుని గట్టుమీద తిరిగారు. ఎక్కడ నీళ్ళు ఊటలా చిమ్మితే అక్కడ ఇసుకబస్తాలు వేస్తూనే ఉన్నారు. నేనూ మోశాను. హాస్టల్లో అన్నిసార్లు విన్న పాటకి అర్థం ఆ రాత్రి తెలిసింది. కానీ అది మిన్నీ వాళ్ళ పాటని నాకప్పటికీ తెలియదు. అదీ నా బాధ.

చిన్నదానా, నువ్వు సంగీతం నేర్చుకుంటున్నావు కాబట్టి బ్లూస్, అంటే మిన్నీ లాంటి నల్లజాతి గాయకుల పాటల బాణీ, నీకు తేలిగ్గా పట్టుబడుతుంది. ఇక్కడ కాస్త ఆగి వివరంగా చెబుతాను. నాలుగు దెబ్బల ఆవృత్తం ఒకటి వేసుకో. అలాంటివి పన్నెండు కలిస్తే ఒక చరణం. మొదటి నాలుగింట్లో ఆధారం షడ్జం మీద నిలుస్తుంది. తర్వాత రెండు మధ్యమం మీదికి పోయి, రెండు షడ్జానికి తిరిగొస్తాయి. పంచమం మీద ఒకటి, మధ్యమం మీద ఒకటి అయ్యాక చివరి రెండూ మళ్ళీ ఇంటికి. వేళ్ళమీద లెక్కపెడితే పన్నెండు. మాటలు మూడు పాదాలు. మొదటి పాదాన్నే రెండోసారి అంటారు, మూడోది దానికి జవాబు. మచ్చుకి నేనే ఒకటి కట్టాను చూడు:

పొద్దున్నే లేచాను, పొయ్యిలో నిప్పు లేదు
అవును, పొద్దున్నే లేచాను, పొయ్యిలో నిప్పు లేదు
ఊరంతా తిరిగొచ్చాను, నన్ను పేరుపెట్టి పిలిచే గొంతు లేదు

పాదం ముగిశాక కాస్త ఖాళీ ఉంటుంది. అక్కడ గిటారు జవాబు చెబుతుంది. ఇక గాంధారం. మనకు సాధారణ గాంధారం ఉంది, అంతర గాంధారం ఉంది. బ్లూస్ పాడేవాడు ఆ రెంటి మధ్య ఎక్కడో నిలబడతాడు, లేదా ఒకదాన్నుంచి ఇంకోదానికి జారుతూ ఉంటాడు. పియానో మెట్లలో దొరకని చోటు అది. గిటారు తీగని వేలితో పక్కకి లాగి పట్టుకుంటారు, లేదా సీసా మెడ ముక్కని వేలికి తొడుక్కుని తీగమీద జార్పుతారు. గోటువాద్యం మీద కర్రముక్క జారడం నువ్వు చూశావుగా, పట్టు అదే.

ఈ సంగీతం అమెరికా దక్షిణాన పత్తిచేలల్లో పెరిగింది. బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళతో చికాగో చేరింది. మడ్డీ వాటర్స్ 1941లో మిసిసిపీలో ఒక తోట కూలీ. జానపదాలు సేకరించే అలన్ లోమాక్స్ వచ్చి అతని పాట రికార్డు చేశాడు. 1943లో అతను చికాగో వెళ్ళాడు. అక్కడ తాగి అరిచే జనం మధ్య మామూలు గిటారు వినబడదు కాబట్టి కరెంటు గిటారు పట్టాడు. ఇలాంటివాళ్ళు 1962 నుంచి యూరప్‌లో తిరిగి కచేరీలు చేశారు. ఆ ఏడు మాంచెస్టర్‌లో జరిగిన కచేరీకి లండన్ వైపు నుంచి కుర్రాళ్ళు వెళ్ళారు. వాళ్ళలో పద్దెనిమిదేళ్ళ జిమ్మీ పేజ్ ఒకడు. ఆరేళ్ళ తర్వాత లెడ్ జెప్పెలిన్ పెట్టింది ఆ కుర్రాడే. వాళ్ళ ప్రేమ నిజమైనది, దాన్ని నేను శంకించను.

ఇప్పుడు ఎదురింటి అమ్మాయి మాటకి వస్తాను. తను చెప్పినదాంట్లోనూ నిజం ఉంది.

చికాగోలో విల్లీ డిక్సన్ అని ఒక పెద్ద రచయిత ఉండేవాడు. 1969లో వచ్చిన జెప్పెలిన్ మొదటి రికార్డులో ఆయన పాటలు రెండున్నాయి, వాటి దగ్గర ఆయన పేరుంది. అదే ఏడు వచ్చిన రెండో రికార్డులో 'హోల్ లాటా లవ్' ఉంది. దాని మాటల్లో చాలావరకు డిక్సన్ రాయగా 1962లో మడ్డీ వాటర్స్ పాడిన 'యూ నీడ్ లవ్' నుంచి వచ్చినవి. మొదట్లో మోగే ఆ గిటారు వరస మాత్రం పేజ్‌దే, పాత పాటలో అది లేదు. కానీ రికార్డు మీద నలుగురు బ్యాండువాళ్ళ పేర్లే వేసుకున్నారు. డిక్సన్ 1985లో కోర్టుకి వెళ్ళాడు, 1987లో రాజీ అయింది, ఆ తర్వాతి ప్రతుల్లో ఆయన పేరు చేరింది. అదే రికార్డులోని 'ద లెమన్ సాంగ్' చికాగో బ్లూస్ గాయకుడు హౌలిన్ వూల్ఫ్ పాట 'కిల్లింగ్ ఫ్లోర్' మీద నిలబడింది. అదీ గొడవపడ్డాకే సర్దుబాటైంది.

అన్ని ఆరోపణలూ నిలవలేదు. 'స్టెయిర్‌వే టు హెవెన్' మీద వేసిన దావాలో 2016లో జ్యూరీ బ్యాండు పక్షాన తీర్పిచ్చింది, 2020లో పైకోర్టు దాన్నే ఖాయం చేసింది. అందుకే ఏ పాట సంగతి ఆ పాటదే అన్నాను.

"బ్లూస్‌లో అందరూ అందరి మాటలూ వాడుకున్నారు కదా" అని పెద్దోడు అన్నాడు. వాడుకున్నారు. ఒకరి పాదం ఇంకొకరి పాటలో తేలడం అక్కడ మామూలే, మన నాట్లపాటల్లో లాగే. అయితే ఆ వాడుక ఒకే గట్టుమీద కూర్చున్నవాళ్ళ మధ్య సాగింది. తీసుకున్నవాడూ ఇచ్చినవాడూ ఇద్దరూ పేదవాళ్ళే. పాట రికార్డైపోయి, దాని మీద పేరు పడి, ఆ పేరు వెంట డబ్బు నడవడం మొదలయ్యాక లెక్క మారిపోతుంది. అప్పుడు పేరు వదిలేస్తే అవతలి ఇంట్లోకి వెళ్ళాల్సిన డబ్బు ఆగిపోతుంది. నా మటుకు నాకు అది తప్పే. బాగా వాయించారు కదా అని ఆ తప్పు మాసిపోదు.

మన వాగ్గేయకారుల ముద్ర ఎంత గొప్ప ఏర్పాటో ఇలాంటప్పుడు అర్థమవుతుంది. త్యాగరాజ కృతి ఎవరు పాడినా, ఎక్కడ పాడినా చివరి చరణంలో ఆయన పేరు పలకాల్సిందే. పేరు పాటలోపలే కుట్టేసి ఉంది. మిన్నీ పాటకి ఆ కుట్టు లేదు. జెప్పెలిన్ వాళ్ళు ఆ నాలుగో రికార్డు మీద ఆమె పేరు వేశారు, అది చెప్పాలి. అందులో జో మెకాయ్ పేరు లేదు, అదీ చెప్పాలి. మా క్యాసెట్ కాగితం మీదకి వచ్చేసరికి ఆమె పేరు కూడా రాలిపోయింది. ఆమె 1973లో మెంఫిస్‌లో పేదరికంలోనే కన్నుమూసింది. సమాధి మీద రాయి 1996లో గానీ పడలేదు. ఆ ఖర్చు బానీ రేట్ అనే గాయని భరించింది.

బ్లైండ్ విల్లీ జాన్సన్ గురించి కూడా వినండి. టెక్సస్‌లో చూపులేని గాయకుడు, భక్తిగీతాలు పాడేవాడు. 1927లో ఆయన రికార్డు చేసిన పాటలు రెండు జెప్పెలిన్ రికార్డుల్లో వాళ్ళ పేర్లతోనే వచ్చాయి, ఒకటి 1975లో, ఇంకొకటి 1976లో. ఆ మరుసటి ఏడే వోయేజర్ అంతరిక్షనౌకలో బంగారుపూత పళ్ళెం మీద భూమి సంగీతాన్ని ఎక్కించి పంపినప్పుడు ఆయన మాటల్లేని మూలుగూ స్లైడ్ గిటారూ కలిసిన పాట ఒకటి అందులో చేర్చారు. అదే పళ్ళెంలో మన కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి ఉంది. ఆ ఇద్దరి గొంతులూ కలిసి ఈ రాత్రి కూడా ప్రయాణం చేస్తున్నాయి. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంకో సంగతి. 1972లో పేజ్, గాయకుడు రాబర్ట్ ప్లాంట్ బొంబాయి వచ్చి మన వాద్యకారులతో రెండు పాటలు రికార్డు చేశారు. అవి 2015లో గానీ బయటికి రాలేదు. పాటల పట్టికలో 'బాంబే ఆర్కెస్ట్రా' అని ఉంటుంది. ఆ తబలా ఎవరిది, ఆ వయొలిన్ పట్టింది ఎవరు అని మనసు లాగుతుంది కదూ? మిన్నీ విషయంలో అమెరికా నల్లజాతివాళ్ళ మనసు కూడా అలాగే లాగుతుందని అనుకోండి.

కిందటిసారి మీ అత్తయ్య దగ్గరికి చికాగో వెళ్ళినప్పుడు సౌత్ మిషిగన్ అవెన్యూలో 2120 నంబరు ఇంటికి తీసుకెళ్ళమని అడిగాను. ఒకప్పుడు చెస్ రికార్డ్స్ వాళ్ళ స్టూడియో, సన్నని రెండంతస్తుల భవనం. మడ్డీ వాటర్స్, హౌలిన్ వూల్ఫ్ అక్కడ పాడారు. 1964లో రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లండు బ్యాండు కుర్రాళ్ళు ఆ గది కోసమే వెతుక్కుంటూ వచ్చి రికార్డు చేసుకున్నారు. ఇప్పుడది డిక్సన్ స్థాపించిన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్‌ది. పాటగాళ్ళకి రావాల్సిన హక్కుల డబ్బు రాబట్టడానికి సాయం చేయాలని ఆయన దాన్ని పెట్టాడు. మెట్లెక్కి స్టూడియో గదిలోకి వెళ్ళి చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాను. మీ అత్తయ్య భయపడి "నాన్నా, నీరసంగా ఉందా?" అని అడిగింది.

వచ్చే ఆదివారం అయిదింటికి మేడమీద చేరండి. పెద్దోడా, నీ స్పీకరు పట్టుకురా, చార్జింగ్ చూసుకో. మొదట 1929 నాటి పాట పెడదాం, ఆ తర్వాతే 1971 నాటిది. పాత రికార్డు కదా, నూనెలో ఆవాలు వేగుతున్నట్టు చిటపటలుంటాయి. మొదటిసారికి వాటినే వింటారు, ఫరవాలేదు, రెండోసారి పెడతాను. చిన్నదానా, నువ్వు చేత్తో తాళం వేసి ఆవృత్తాలు లెక్కపెట్టు. ఎదురింటి అమ్మాయిని నా పక్కన కూర్చోమను. రెండు గిటార్లలో పైన గలగలమనేది మిన్నీదా, జోదా అన్నది ఆ అమ్మాయే విని చెప్పాలి.

మీ తాతయ్య