రీమ్యాప్ చేసిన కారుకు ఏ క్లచ్? అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులో టర్బో కార్లు ఉన్నవాళ్లు చాలామంది ఇప్పుడు ఇంజిన్ రీమ్యాప్ చేయిస్తున్నారు. సాఫ్ట్‌వేర్ మార్చే పని ఒక పూటలో అయిపోతుంది. పెరిగిన బలం మాత్రం కంపెనీ పాత లెక్కతో అమర్చిన క్లచ్ గుండానే చక్రాలకు చేరాలి. అది జారడం మొదలుపెట్టాక ఏ క్లచ్ వేయించాలని అడిగితే తలొక మాట చెబుతారు. ఇక్కడ రాసినదంతా రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే మాన్యువల్ గేరు కారు కోసం. ట్రాక్ మీదే నడిపే కారు లెక్క వేరు.

అపోహ: హార్స్‌పవర్ ఎంతో చెబితే క్లచ్ ఏదో చెప్పేయవచ్చు

క్లచ్ మోసేది టార్క్‌ని, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని. పవర్ అంటే టార్క్‌ని ఇంజిన్ వేగంతో గుణిస్తే వచ్చే అంకె. 6,000 ఆర్‌పీఎం దగ్గర 200 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ ఆ క్షణాన క్లచ్ మీద పెట్టే టార్క్ సుమారు 234 న్యూటన్ మీటర్లు. 3,000 ఆర్‌పీఎం దగ్గర 150 హార్స్‌పవరే ఇచ్చే డీజిల్ ఇంజిన్ పెట్టేది సుమారు 351. పవర్ తక్కువున్న బండికే గట్టి క్లచ్ కావాలన్నమాట.

క్లచ్ ఎంత టార్క్ పట్టగలదో నాలుగు అంకెలు తేలుస్తాయి: ఘర్షణ గుణకం, క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కి (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) అదిమిపట్టే ప్రెషర్ ప్లేట్ బిగింపు బలం, ప్లేటు సగటు వ్యాసార్థం, రాపిడి ముఖాల సంఖ్య. వీటిని గుణించడమే లెక్కంతా. బయటి వ్యాసం 240 మి.మీ., లోపలి వ్యాసం 160 మి.మీ. ఉన్న ప్లేటుకు సగటు వ్యాసార్థం 0.1 మీటరు. గుణకం 0.3, బిగింపు 6,000 న్యూటన్లు, ముఖాలు రెండు అనుకుంటే 360 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఎవరు ఏ 'అప్‌గ్రేడ్' అమ్మినా ఈ నాలుగింటిలో ఏదో ఒకటి పెంచినదే. ఏది పెంచారో అడిగి తెలుసుకుంటే దాని ఇబ్బంది ఎక్కడ బయటపడుతుందో కూడా ముందే తెలుస్తుంది.

స్కోడా ఆక్టేవియా 2.0 టీడీఐ డీజిల్‌కి కంపెనీ ఇచ్చిన టార్క్ 320. రీమ్యాప్‌తో అది 380 అయిందనుకుందాం. దానిపై 20-30 శాతం మిగులు వేసుకుని 460 నుంచి 490 మధ్య పట్టగల క్లచ్ చూడాలి. వేడెక్కితే ఘర్షణ తగ్గుతుంది, గేరు మార్చినప్పుడు కుదుపులు తగులుతాయి, అందుకే ఆ మిగులు. డైనో (పవర్, టార్క్ కొలిచే యంత్రం) కాగితం మీది అంకె చక్రాల దగ్గర కొలిచినదా, ఇంజిన్ దగ్గరి లెక్కా అన్నది కూడా చూసుకోండి. రెంటికీ 12-15 శాతం తేడా ఉంటుంది. క్లచ్ పెట్టె మీది రేటింగ్ ఏ లెక్కన ఇచ్చారో అమ్మేవాళ్లను అడగాల్సిందే.

అపోహ: జారుతోందంటే క్లచ్ మార్చడం తప్ప దారి లేదు

ముందు జారుతోందో లేదో ఖాయం చేసుకోండి. ఖాళీ రోడ్డు మీద, ఐదో గేరులోనో ఆరో గేరులోనో, 1,800 ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. కారు వేగం పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు మాత్రం చటుక్కున మూడు నాలుగు వందలు ఎగబాకితే క్లచ్ జారుతున్నట్టే. వెంటనే కాలు తీసేయండి, ఒక్కసారి చూస్తే చాలు. పై గేరులోనే ఎందుకంటే, అక్కడ కారు నెమ్మదిగా వేగం అందుకుంటుంది కాబట్టి గరిష్ఠ టార్క్ క్లచ్ మీద ఎక్కువ సేపు నిలబడుతుంది. రెండో గేరులో అది రెప్పపాటులో దాటిపోతుంది.

టర్బో ఇంజిన్లో గరిష్ఠ టార్క్ కింది ఆర్‌పీఎంలలో వస్తుంది, గరిష్ఠ పవర్ పైన వస్తుంది. కాబట్టి రీమ్యాప్ చేసినవాళ్లనే అడిగి 2,500 లోపు టార్క్‌ని కొంచెం తగ్గించి, నెమ్మదిగా ఎక్కేలా మార్పించవచ్చు. 380 ఉన్నచోట 350కి దింపినా పైన వచ్చే పవర్ అలాగే ఉంటుంది. ప్లేటు ఇంకా కాలిపోకపోతే చాలా బండ్లలో జారడం అక్కడితో ఆగుతుంది. గేర్‌బాక్స్ దించే ఖర్చు లేని ఈ దారిని ఎక్కువమంది చివర్లో గాని తలచుకోరు. మా సలహా, మొదట ఇదే చేసి చూడండి.

అపోహ: స్టేజ్ 3 అంటే స్టేజ్ 2 కంటే మెరుగు

క్లచ్ కిట్లకు తయారీదారులు పెట్టే ఈ స్టేజులకు ప్రమాణమంటూ ఏదీ లేదు. ఒక తయారీదారు స్టేజ్ 2 అన్నది మరొకరికి స్టేజ్ 1. పేరు పక్కన పెట్టి ప్లేటు పదార్థం ఏమిటి, హబ్‌కి (ప్లేటు నడిమి భాగం) స్ప్రింగులు ఉన్నాయా, ఎన్ని న్యూటన్ మీటర్లు పడుతుంది, ఏ ఫ్లైవీల్‌తో వేయాలి అని అడగండి. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు ఇంకో మెట్టు జాగ్రత్త పడాలి. మోడల్ పేరు ఒకటే అయినా అక్కడి ఇంజిన్, గేర్‌బాక్స్ వేరై ఉండవచ్చు. ప్లేటు వ్యాసం, హబ్ లోపలి పళ్ల సంఖ్య, రిలీజ్ బేరింగ్ (పెడల్ నొక్కినప్పుడు క్లచ్‌ను విడిపించేది) ఎత్తు పాత కిట్‌తో పోల్చుకున్నాకే డబ్బు కట్టండి.

అపోహ: సిరామిక్ ప్లేటు వేస్తే ఇక చింత లేదు

ఎక్కువ నష్టం చేస్తున్న సలహా ఇదే. కంపెనీ ప్లేటులో ఉండే ఆర్గానిక్ పదార్థానికి ఘర్షణ గుణకం 0.3 చుట్టూ ఉంటుంది. సిరామిక్, లోహపు పొడి కలిపి చేసిన ముక్కలకు 0.4 పైనే. పట్టు పెరిగే మాట నిజమే. అయితే ఆర్గానిక్ ప్లేటులో రెండు ముఖాల మధ్య అలలుగా వంచిన పలుచని ఉక్కు రేకులు ఉంటాయి. పెడల్ వదిలే కొద్దీ అవి మెల్లగా నలిగి పట్టును నిదానంగా ఎక్కిస్తాయి. మీ కాలికి 'హాఫ్ క్లచ్' అనే చోటు దొరికేది వాటి వల్లే. ముక్కలు బిగించిన చాలా సిరామిక్ ప్లేట్లలో ఆ రేకులు ఉండవు. అందుకే పట్టు అందుకోవడం, పూర్తిగా పట్టేయడం వెంట్రుకవాసి తేడాలో జరిగిపోతాయి. కూకట్‌పల్లి దగ్గర సాయంత్రం ట్రాఫిక్‌లో బంపర్‌కి బంపర్ ఆనించి పాకుతున్నప్పుడు ఆ తేడా ఏమిటో ప్రతి అడుగుకూ తెలుస్తుంది. బండి వణుకుతుంది, లేదంటే ఒక్కసారిగా ముందుకు ఎగురుతుంది. ఆ వణుకును తప్పించాలని డ్రైవర్లు ఆర్‌పీఎం పెంచి ఎక్కువ సేపు జార్చడం అలవాటు చేసుకుంటారు. దాంతో ఫ్లైవీల్ ముఖం నీలంగా కాలి, చారలు పడుతుంది.

కెవ్లార్ ప్లేటు మెత్తగానే పడుతుంది, ఎక్కువ కాలం కూడా వస్తుంది. దాని బలహీనత వేరే చోట ఉంది. ఒక్కసారి మితిమీరి వేడెక్కితే ముఖం అద్దంలా మెరుపెక్కుతుంది, ఆ తర్వాత మునుపటి పట్టు రావడం కష్టం. ఘాట్ రోడ్డు మీద హాఫ్ క్లచ్‌తో బండి నిలబెట్టే అలవాటు ఉన్నవాళ్లకు ఇది సరిపడదు.

కంపెనీ టార్క్‌కి 30-40 శాతం వరకు పెరుగుదల ఉంటే, ముఖమంతా పరుచుకున్న మేలురకం ఆర్గానిక్ ప్లేటు, దానికి కాస్త గట్టి ప్రెషర్ ప్లేటు చాలు. అది దాటితే ఒకవైపు ఆర్గానిక్, రెండోవైపు గట్టి పదార్థం ఉన్న ప్లేట్లు దొరుకుతాయి. ఇంకా పైకి పోతే ట్విన్ ప్లేట్, అంటే రెండు ప్లేట్లున్న క్లచ్. ముక్కల సిరామిక్‌ను, స్ప్రింగులు లేని హబ్‌ను రోజువారీ కారుకు మేము సిఫారసు చేయం.

అవసరానికి మించిన పట్టులో ఇంకో చిక్కుంది. క్లచ్ జారకపోతే ఆ దెబ్బ ఎక్కడో ఒకచోట తగలాలి. ఫోక్స్‌వ్యాగన్ గేర్‌బాక్స్ పేర్లలోనే ఎంక్యూ200, ఎంక్యూ250, ఎంక్యూ350 అన్నట్టు దాని టార్క్ స్థాయి సూచించే అంకె ఉంటుంది. ఇంగ్లిషు అక్షరాలు ఎం, క్యూ పక్కన కనిపించేది ఆ అంకే. పోలో 1.0 టీఎస్ఐ టార్క్ 175. రీమ్యాప్‌తో 200 దాటిన ఆ బండికి 350 పట్టే క్లచ్ వేస్తే, జారి తప్పించుకోవాల్సిన కుదుపంతా గేరు పళ్లకు, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లకు పోతుంది. క్లచ్ ఖర్చుకీ గేర్‌బాక్స్ ఖర్చుకీ పోలికే లేదు.

అపోహ: పెడల్ బరువుగా ఉంటేనే గట్టి క్లచ్

బిగింపు పెంచి టార్క్ సాధించిన క్లచ్‌లోనే పెడల్ బరువెక్కుతుంది. ట్విన్ ప్లేట్‌లో రాపిడి ముఖాలు నాలుగు, అంటే అదే బిగింపుతో రెట్టింపు టార్క్. పెడల్ తేలిగ్గానే ఉండవచ్చు, ధర మాత్రం ఎక్కువ. బరువు పెడల్ నొప్పి మోకాలితో ఆగదు. పెడల్ నొక్కినప్పుడల్లా ఆ బలం రిలీజ్ బేరింగ్ మీద, పెడల్ ఒత్తిడిని ఆ బేరింగ్‌కు చేర్చే స్లేవ్ సిలిండర్ సీలు మీద, చివరికి క్రాంక్ షాఫ్ట్‌ను ముందుకీ వెనక్కీ కదలనీయకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది. సిగ్నల్ దగ్గర గేరులో ఉంచి పెడల్ తొక్కిపట్టడం మానేసి న్యూట్రల్‌లోకి వేయండి.

అపోహ: డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ తీసేసి సాలిడ్ వేయడమే మేలు

డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ రెండు బరువైన పళ్లేల మధ్య వంపు స్ప్రింగులు పెట్టి చేసినది. ఇంజిన్ ఒక్కో పేలుడుకీ కొట్టే కుదుపును ఆ స్ప్రింగులు మింగేస్తాయి. దాన్ని తీసేసి స్ప్రింగులు లేని ఒకే ముక్క సాలిడ్ ఫ్లైవీల్ వేస్తే ఆ కుదుపు గేర్‌బాక్స్‌కి చేరుతుంది. న్యూట్రల్‌లో గలగల, 1,500 లోపు పై గేరులో యాక్సిలరేటర్ నొక్కితే గరగర మొదలవుతాయి. పెట్రోల్ నాలుగు సిలిండర్ల బండిలో దీన్ని ఓర్చుకోవచ్చు. డీజిల్లోనూ, మూడు సిలిండర్ల ఇంజిన్లోనూ చాలామంది మళ్లీ పాతది వేయించుకుంటారు.

ఇంకో పొరపాటు దీనికంటే ప్రమాదం. డ్యూయల్ మాస్‌తో వచ్చే క్లచ్ ప్లేట్లలో చాలావాటికి హబ్ స్ప్రింగులు ఉండవు, ఆ పని ఫ్లైవీల్ చేస్తుంది కనుక. ఆ ప్లేటునే సాలిడ్ ఫ్లైవీల్‌కి వేస్తే కుదుపును మింగేది ఏదీ మిగలదు. సాలిడ్ వేయాలనుకుంటే స్ప్రింగుల హబ్ ఉన్న ప్లేటు తప్పనిసరి.

డ్యూయల్ మాస్ మార్చాలా వద్దా అన్నది పాతది చేత్తో తిప్పి చూసి తేల్చండి. స్ప్రింగు పట్టుకోకముందే వదులుగా తిరిగే మేర తయారీదారు ఇచ్చిన హద్దు దాటినా, గ్రీజు బయటికి చిమ్మినా, అంచు ఊగినా దాని పని అయిపోయినట్టే. ఇంజిన్ ఆపేటప్పుడు వచ్చే దడదడ కూడా ఒక గుర్తు.

అపోహ: తేలికైన ఫ్లైవీల్ పవర్ పెంచుతుంది

పెంచదు. ఇంజిన్ ఆర్‌పీఎం త్వరగా ఎక్కి త్వరగా దిగుతుంది, అంతే. కింది గేర్లలో బండి చురుగ్గా అనిపిస్తుంది, ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆగి బయల్దేరితే ఇంజిన్ ఆగిపోతుంటుంది.

అపోహ: ప్లేటు ఒక్కటి మారిస్తే సరిపోతుంది

గేర్‌బాక్స్ దించే లేబర్ ఒక్కసారే ఇవ్వాలంటే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, ఫ్లైవీల్ బోల్టులు అన్నీ కొత్తవే వేయించండి. సాగే రకం బోల్టులను మళ్లీ వాడకూడదు. నిర్ణీత టార్క్‌కి బిగించి, ఆపైన మాన్యువల్ చెప్పిన కోణం తిప్పాలి. క్రాంక్ వెనక సీలు కారుతుంటే అప్పుడే మార్చాలి, ఆయిల్ తగిలిన ప్లేటు ఎంత ఖరీదైనదైనా జారుతుంది. సాలిడ్ ఫ్లైవీల్ ముఖాన్ని మెషిన్ చేయించి బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. హబ్ లోపలి పళ్లకు గ్రీజు పలుచగా రాసి, మిగిలింది తుడిచేయాలి. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి ప్లేటు మీదే పడుతుంది.

ప్రెషర్ ప్లేటు తనంతట తాను సర్దుకునే రకమైతే ప్రత్యేక టూల్ ఉండాలి. అది లేకుండా బోల్టులతోనే లాగి బిగిస్తే లోపలి రింగు ముందే తిరిగిపోయి, కొత్త క్లచ్ మొదటి రోజే సరిగా వదలదు, గేరు పడేటప్పుడు గీస్తుంది. ఏ రకమైనా బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

అపోహ: కొత్త క్లచ్‌తో హైవే మీద 800 కిలోమీటర్లు తిరిగితే సెట్టవుతుంది

ప్లేటు ముఖం సెట్టయ్యేది పెడల్ నొక్కి వదిలినప్పుడే. విజయవాడ పోయి వచ్చినంత మాత్రాన అది జరగదు, దారిలో క్లచ్ వాడేది తక్కువసార్లే. ఊళ్లోనే 500 నుంచి 800 కిలోమీటర్లు, పూర్తి యాక్సిలరేటర్ లేకుండా నడపాలి. తయారీదారు ఇంకా ఎక్కువ చెబితే అదే పాటించండి.

అపోహ: గట్టి క్లచ్ వేశాం, ఇక ఎలా నడిపినా తట్టుకుంటుంది

1,400 కిలోల కారు ఒకటో గేరులో 1,500 ఆర్‌పీఎంతో బయల్దేరితే, క్లచ్ పూర్తిగా పట్టేసరికి వేగం గంటకు సుమారు 12 కిలోమీటర్లు. ఆ లోపు క్లచ్‌లో పుట్టే వేడి దాదాపు 8 కిలోజూల్స్. 4,000 ఆర్‌పీఎం దగ్గర వదిలితే అది 55 కిలోజూల్స్, అంటే ఏడు రెట్లు. రెండో గేరులో బయల్దేరడం కూడా ఇలాంటిదే: ఆర్‌పీఎం అదే ఉన్నా వేడి మూడు నాలుగు రెట్లవుతుంది. స్పీడ్‌బ్రేకర్ దగ్గర దాదాపు ఆగి, బద్ధకించి రెండులోనే లాగించేవాళ్ల ప్లేట్లు త్వరగా అరిగేది ఇందుకే.

కాలిన వాసన వస్తే బండి పక్కన ఆపి పెడల్ పదేపదే తొక్కి చూడకండి. ట్రాఫిక్ లేని దారి దొరికితే మూడో గేరులో, పెడల్ మీద కాలు పెట్టకుండా, పది నిమిషాలు నిదానంగా నడపండి. జారని క్లచ్‌లో కొత్త వేడి పుట్టదు, పైగా తిరిగే ప్రెషర్ ప్లేటు గాలి ఆడించి ఉన్న వేడిని బయటికి నెడుతుంది. ఆ తర్వాత ఐదో గేరు పరీక్ష ఒక్కసారి చేసి చూడండి.